గస్తీలో నలుగురు, పత్రికలో ఇద్దరు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచంలోని ఎత్తైన శిఖరాలను మొదట ఎక్కినవారి గురించి వచ్చిన వ్యాసాన్ని, ఆ తరువాతి వారం దాని మీద ఒక పాఠకుడు రాసిన ఉత్తరాన్ని చదివి ఈ లేఖ రాస్తున్నాను. 1954 జులై 31న ఇటలీకి చెందిన అకిల్లే కొంపాన్యోని, లీనో లాచెదెల్లి 8,611 మీటర్ల కె2 శిఖరాన్ని చేరారని వ్యాసకర్త ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. పాఠకుడేమో కొంపాన్యోని తోటివారిని మంచులో వదిలేసి పేరు కొట్టేసిన మోసగాడని తీర్పు చెప్పేశారు. కొంపాన్యోని ఎవరు, ఎక్కడ పెరిగాడు, పర్వతం మీదికి ఏ చదువుతో వెళ్లాడు అన్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టిన సంగతి, వాళ్లకోసం ఆక్సిజన్ మోసిన హున్జా లోయ కూలీ అమీర్ మెహ్దీ పేరు వ్యాసంలోనూ లేదు, ఉత్తరంలోనూ లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలో చేరి 28 ఏళ్ల నౌకరీలో కొన్ని శీతాకాలాలు లద్దాఖ్ మంచులో గడిపినవాడిగా ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పుకునే అవకాశం ఇమ్మని కోరుతున్నాను.

కొంపాన్యోని 1914 సెప్టెంబర్ 26న ఇటలీ ఉత్తరపు కొండల్లో, బోర్మియోకు పైన ఉన్న సాంటా కతెరీనా వాల్‌ఫూర్వా అనే చిన్న ఊరిలో పుట్టాడు. 2026 శీతాకాల ఒలింపిక్స్‌లో పురుషుల ఆల్పైన్ స్కీ పోటీలను కేటాయించిన బోర్మియో అదే. మూడు ఒలింపిక్స్‌లో వరుసగా స్వర్ణాలు గెలిచిన స్కీ క్రీడాకారిణి డెబోరా కొంపాన్యోనిదీ ఈ సాంటా కతెరీనాయే. మన పల్లెల్లో పిల్లలు చెరువు గట్టున ఈత నేర్చుకున్నంత సహజంగా అక్కడి పిల్లలు స్కీలు కట్టుకుంటారు. అయితే ఆయన పుట్టిన కాలం ఆటల కాలం కాదు, మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆ ఊరికి పైన కనిపించే సాన్ మత్తేయో శిఖరం ఎత్తు 3,678 మీటర్లు. 1918 ఆగస్టు 13న ఇటలీ సైనికులు దాన్ని ఆస్ట్రియా సేనల నుంచి గెలుచుకున్నారు, సెప్టెంబర్ 3న తిరిగి పోగొట్టుకున్నారు. ఆ రోజు అక్కడ చనిపోయిన కెప్టెన్ అర్నాల్దో బెర్ని దేహం మంచులోనే ఉండిపోయింది, ఇప్పటికీ దొరకలేదు. 2004లో ఆ శిఖరం దగ్గర మంచు కరిగినప్పుడు ముగ్గురు ఆస్ట్రియా సైనికుల దేహాలు బయటపడ్డాయి. నాలుగేళ్లు నిండని పసివాడిగా కొంపాన్యోని ఏ కొండ కింద ఉన్నాడో చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. ఆ ఊళ్లో కొండ అంటే పచ్చిక బయలూ, ఇంటికి ఆధారమూ, శ్మశానమూ కూడాను.

అటువంటి ఊళ్ల కుర్రవాళ్లు సైన్యంలోకి వెళితే చేరేది ఆల్పీని దళాల్లోకే. కొండ సరిహద్దును కాయడానికి కొండవాళ్లనే తీసుకోవాలన్న ఆలోచనతో 1872లో ఏర్పడిన దళాలివి. ఒక లోయ కుర్రవాళ్లు ఒకే దళంలోకి వెళ్లడం వల్ల అన్నదమ్ములు, మేనమామ కొడుకులు పక్కపక్కనే నడిచేవారు. టోపీకి గుచ్చిన ఒక్క నల్లటి ఈక వారి గుర్తు. ఆ శతాబ్దం చివర్లోనే ఈ సైన్యం నార్వే వాళ్ల స్కీలను తెచ్చి సైనికుల కాళ్లకు కట్టింది. మంచులో కూరుకుపోతూ నడిచే మనిషికీ, మంచు మీద జారుతూ సాగే మనిషికీ ఎంత తేడా ఉంటుందో గుల్మార్గ్‌లో సైన్యం నడిపే పర్వత యుద్ధ పాఠశాలలో నాకు స్వయంగా తెలిసింది. మొదటి వారం మోకాళ్ల లోతు మంచులో కిలోమీటరు నడవడానికి పూట పట్టింది. స్కీలు పట్టుబడ్డాక అదే దూరం, అదే బరువుతో, శ్వాస చెదరకుండా దాటాము. కొంపాన్యోని ఆల్పీని సైనికుడయ్యాడు, స్కీ పోటీల్లో పరుగెత్తాడు, తరువాత ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ పర్వతం కింద ఉన్న బ్రూయిల్ సెర్వీనియాలో కాపురం పెట్టి పర్వత గైడ్‌గా, స్కీ శిక్షకుడిగా బతికాడు.

ఆయన తరం ఆల్పీని స్కీ క్రీడాకారులకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష సైనిక గస్తీ పందెం. దీని గురించి మన పత్రికల్లో ఎప్పుడూ చదవలేదు కనుక కాస్త వివరంగా చెబుతాను. జట్టుకు నలుగురు: ఒక అధికారి, ముగ్గురు సైనికులు. భుజాన రైఫిళ్లు, వీపున బరువు, కాళ్లకు స్కీలు, 25 కిలోమీటర్లు. మధ్యలో ఆగి ముగ్గురు సైనికులు గురి చూసి కాల్చాలి, అధికారి కాల్చడు. 1924లో ఫ్రాన్స్‌లోని షామోనీలో జరిగిన మొదటి శీతాకాల క్రీడల్లో ఇది పతకాల పోటీ. 1928, 1936, 1948 సంవత్సరాల్లో ప్రదర్శన పోటీగా మాత్రమే పెట్టారు. 1960 నుంచి ఒలింపిక్స్‌లో మనం చూస్తున్న, స్కీ పరుగూ తుపాకీ గురీ కలిసిన బయథ్లాన్ ఈ పందెం కడుపున పుట్టిందే. 1936లో జర్మనీలోని గార్మిష్‌లో ఈ పోటీ గెలిచింది ఇటలీ జట్టు. కెప్టెన్ ఎన్రికో సిల్వెస్త్రి నాయకత్వంలో లుయీజీ పెరెన్ని, సీస్తో షిలీగో, బోర్మియోకు చెందిన స్తెఫానో సెర్తోరెల్లి 2 గంటల 28 నిమిషాల 35 సెకన్లలో గమ్యం చేరారు. మంచులో పుట్టి పెరిగిన ఫిన్లాండ్ వాళ్లు 14 సెకన్లు వెనకబడ్డారు. సెర్తోరెల్లి ఊరు కొంపాన్యోని ఊరికి దగ్గరే. ఆ విజయం ఆ లోయ కుర్రవాళ్ల మనసుల్లో ఏం నాటి ఉంటుందో ఊహించవచ్చు.

ఈ పందేనికి ఒక నియమం ఉంది, నా లేఖకు అదే ఆయువుపట్టు. నలుగురూ కలిసి చేరితేనే జట్టు చేరినట్టు. అందరికన్నా బలమైనవాడు దూసుకుపోయి గీత దాటినంత మాత్రాన ఏమీ కాదు. అందుకే ఈ జట్లలో బలవంతుడు బలహీనుడి బరువు తీసుకుంటాడు, వెనకబడ్డవాడి కోసం వేగం తగ్గిస్తాడు. ఎవరూ చెప్పకుండానే చెయ్యవలసిన పని అది. సైన్యంలో మాకు నేర్పినదీ ఇదే.

ఇక కె2. ఆ పేరు పెట్టింది మన నేల మీద మొదలైన సర్వే. 1802లో మద్రాసులో బ్రిటిష్ అధికారి లాంబ్టన్ కొలత గొలుసు పరచి మొదలుపెట్టిన కొలత మన గుత్తి మీదుగా, హైదరాబాద్ రాజ్యం మీదుగా ఉత్తరాదికి పాకి, 1856లో సర్వే అధికారి మాంట్‌గోమరీ కలం కింద కారకోరం శిఖరాలకు కె1, కె2 అని గుర్తులు పెట్టింది. ఆ తాత్కాలికపు గుర్తే ఆ పర్వతానికి పేరైపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి చితికిపోయిన ఇటలీ 1954లో దాని మీదికి భూగర్భ శాస్త్రవేత్త అర్దీతో దేజియో నాయకత్వంలో పెద్ద దండయాత్రనే పంపింది. పదకొండు మంది ఆరోహకుల్లో 39 ఏళ్ల కొంపాన్యోని ఒకడు, 24 ఏళ్ల వాల్తెర్ బొనాత్తి అందరికన్నా చిన్నవాడు. 1932 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ పోటీలకు దిగిన జీనో సోల్దా కూడా అందులో ఉన్నాడు. జూన్ 21న ఆల్ప్స్‌లోని కుర్మాయర్ ఊరి గైడ్ మారియో పుషోజ్ రెండో శిబిరంలో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అతన్ని కొండ కింద ఖననం చేసి మిగిలినవాళ్లు మళ్లీ పైకి వెళ్లారు. పై భాగానికి నాయకుడిగా దేజియో కొంపాన్యోనినే నియమించాడు. సైనికుడు, క్రమశిక్షణ గలవాడు, చెప్పిన మాట జవదాటనివాడు అన్న నమ్మకం దానికి కారణమని నేననుకుంటాను.

జులై 30న ఏర్పాటు ఇది: కొంపాన్యోని, లాచెదెల్లి పైకి వెళ్లి తొమ్మిదో శిబిరం వేస్తారు. బొనాత్తి, హున్జా లోయకు చెందిన మెహ్దీ కింది నుంచి ఆక్సిజన్ సిలిండర్లు మోసుకొస్తారు. ఒక్కో మోపు 20 కిలోలకు దగ్గర. ఎనిమిది వేల మీటర్ల దగ్గర అంత బరువు ఎత్తినవాడికి ఒక అడుగుకూ తరువాతి అడుగుకూ నడుమ ఎన్ని ఊపిరులు పడతాయో అనుభవించినవాడికే తెలుస్తుంది. అనుకున్న చోట గుడారం లేదు. కొంపాన్యోని దాన్ని ఇంకా పైకి, ఎడమ పక్కకు, ప్రమాదకరమైన వాలు దాటి వేశాడు. చీకటి పడింది. బొనాత్తి అరిచాడు. పైనుంచి ఒక దీపం వెలిగింది. సిలిండర్లు అక్కడే పెట్టి కిందికి వెళ్లిపొమ్మన్న మాట వినిపించింది, తరువాత దీపం ఆరిపోయింది. ఆ చీకట్లో మెహ్దీ దిగలేని స్థితిలో ఉన్నాడు. ఇద్దరూ వాలులో మంచు తవ్వి, మనిషి కూర్చునేంత గట్టు చేసుకుని, గుడారం లేకుండా, పడక సంచి లేకుండా, దాదాపు 8,100 మీటర్ల ఎత్తున మంచు తుఫానులో రాత్రంతా గడిపారు. తెల్లవారగానే మెహ్దీ కిందికి దిగిపోయాడు, ఆ వెనుక బొనాత్తి. వాళ్లు మోసి తెచ్చిన సిలిండర్లనే వీపున తగిలించుకుని కొంపాన్యోని, లాచెదెల్లి ఆ సాయంత్రం ఆరు గంటల వేళ శిఖరం చేరారు.

ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఉత్తరాన ఒక ఎత్తైన స్థావరంలో మేమున్నప్పుడు రోజూ సాయంత్రం ఒక పని తప్పనిసరి: ప్రతి సైనికుడూ బూట్లు, మేజోళ్లు విప్పి పాదాలు చూపించాలి. దీపం దగ్గర పెట్టి వేళ్ల మధ్య చర్మం రంగు చూసేవాడిని. గులాబీ రంగు ఉంటే సరే, మైనంలా తెల్లబడి ముట్టుకుంటే తెలియడం లేదంటే ప్రమాదం. అలాంటి పాదాన్ని నిప్పు దగ్గర పెట్టకూడదు, రుద్దకూడదు. పక్కవాడు చొక్కా ఎత్తి తన పొట్టకు ఆనించుకుని కూర్చోవాలి. ఆ చల్లదనం పొట్టకు తగిలితే ఊపిరి ఆగినట్టు ఉంటుంది. కిరోసిన్ డబ్బాలు మోసే ఒక లద్దాఖీ కూలీ ఒకరోజు సాయంత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అతను మా లెక్కలో సైనికుడు కాదు కనుక అతని పాదాలు ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. కాంట్రాక్టరు ఇచ్చిన బూట్ల అడుగు ఊడిపోతే తాడుతో కట్టుకుని నడిచాడు. మర్నాడు విప్పించేసరికి కుడికాలి మూడు వేళ్లు నల్లబడి ఉన్నాయి, తరువాత తీసేశారు. ఆ సాయంత్రం అతన్ని లోపలికి పిలిచి దీపం దగ్గర కూర్చోబెట్టలేదన్న బాధ నాకు ఈనాటికీ పోలేదు. మెహ్దీ గురించి చదివిన ప్రతిసారీ ఆ గుమ్మం గుర్తుకొస్తుంది.

మెహ్దీకి ఆ ఎత్తుకు తగిన బూట్లు లేవని, కాళ్లకున్న సాధారణ సైనిక బూట్లు కూడా పాదం కన్నా చిన్నవని ఆయన కుటుంబం చెబుతుంది. ఆయన రెండు పాదాల వేళ్లూ తీసేయవలసి వచ్చింది. రావల్పిండి ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. మళ్లీ కొండ ఎక్కలేదు. ముందు ఏడాదే, 1953లో, నంగా పర్బత్ నుంచి మంచుకాటుతో దిగిన ఆస్ట్రియా ఆరోహకుడు హెర్మన్ బూల్‌ను మోసిన వీపు ఆయనది. ఇటలీ ప్రభుత్వం ఒక బిరుదు ఇచ్చింది. తన ఐస్ యాక్స్ కళ్లబడకుండా దాచేయమని ఇంట్లోవాళ్లకు చెప్పాడట. 1999లో చనిపోయాడు.

తరువాతి యాభై ఏళ్లూ ఆ రాత్రి గురించిన తగవే. 1964లో ఒక ఇటలీ పత్రిక, బొనాత్తి తానే ముందు శిఖరం చేరాలని చూశాడని, ఆ ఆక్సిజన్‌ను రాత్రి తానే వాడేశాడని రాసింది. బొనాత్తి పరువునష్టం దావా వేసి గెలిచాడు. ముఖానికి తగిలించుకునే మాస్కులు పై గుడారంలో ఉన్నాయి, బొనాత్తి దగ్గర సిలిండర్లు మాత్రమే ఉన్నాయి, కనుక వాడుకునే మార్గమే లేదు. శిఖరానికి చాలా ముందే ఆక్సిజన్ అయిపోయిందన్న కొంపాన్యోని మాటను కూడా 1993లో రాబర్ట్ మార్షల్ అనే ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు పాత ఫోటోలు చూపించి ప్రశ్నించాడు. శిఖరం మీద తీసిన ఫోటోలో కొంపాన్యోని ముఖాన మాస్కు ఉంది. లాచెదెల్లి గడ్డం మీద మాస్కు ఉన్న మేర వదిలి చుట్టూ మంచు పేరుకుని ఉంది. గాలి రాని మాస్కును ఊపిరి అందని ఎత్తులో ఎవరు పెట్టుకుంటారన్నది ఆయన ప్రశ్న. చల్లగాలి నేరుగా తగలకుండా పెట్టుకున్నామని కొంపాన్యోని జవాబు. 2004లో లాచెదెల్లి నోరు విప్పి, గుడారం స్థలం మార్చింది కావాలనే అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. చివరికి ఇటలీ ఆల్పైన్ క్లబ్ బొనాత్తి కథనాన్నే అధికారికంగా అంగీకరించింది. కొంపాన్యోని మాత్రం పైనున్న మంచు గడ్డలు విరిగిపడతాయన్న భయంతోనే స్థలం మార్చానని 2009 మే 13న కన్ను మూసేవరకూ అన్నాడు. లాచెదెల్లి అదే ఏడాది నవంబర్‌లో, బొనాత్తి 2011లో పోయారు.

నా అభిప్రాయం దాచుకోను. మంచు గడ్డల భయం నిజమే కావచ్చు, ఆ వాలును చూసినవాళ్లు అక్కడ ప్రమాదం లేదని అనలేరు. స్థలం మార్చడాన్ని నేను తప్పు పట్టలేను. కానీ చీకట్లో కింద తన మనుషులు ఇద్దరు కేకలు వేస్తుంటే దీపం ఆర్పి ఊరుకోవడం, మర్నాడు వాళ్లు బతికి ఉన్నారో లేదో తెలుసుకోకుండా శిఖరం వైపు తిరగడం, ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ ఇద్దరికీ దక్కవలసిన మాట దక్కనివ్వకపోవడం, ఇవి తప్పు. ఈ తప్పును పర్వతారోహణ చరిత్రకారుల కొలతతో కాక ఆయన సొంత పాఠశాల కొలతతోనే కొలవాలి. ఆ రాత్రి ఆయన గస్తీలో నలుగురున్నారు: కొంపాన్యోని, లాచెదెల్లి, బొనాత్తి, మెహ్దీ. ఇద్దరు చేరారు. ఆల్పీని సైనికుడిగా ఆ లెక్క ఆయనకు తెలియనిది కాదు.

అంతమాత్రాన పాఠకుడు రాసినట్టు ఆ మనిషిని మోసగాడన్న ఒక్క మాటతో చెరిపేయడం న్యాయం కాదు. ఆయన 39 ఏళ్ల వయసులో, ఐదారు వారాల కింద మిత్రుణ్ణి పాతిపెట్టి, ఎవరూ ఎక్కని శిఖరం వైపు ముందు నడిచాడు. మంచుకాటుకు చేతివేళ్లు పోగొట్టుకున్నాడు. సాయంత్రం ఆరు తరువాత, రాత్రి చీకట్లో ఆ వాలు దిగాడు. ఈ దిగడం గురించి ఎవరూ మాట్లాడరు గానీ, స్కీ పోటీల్లో ఏళ్ల తరబడి తర్ఫీదైన కాళ్లూ, మంచు గట్టిదనాన్ని అడుగుతోనే పసిగట్టే అలవాటూ లేనివాడు ఆ దిగడంలో బతకడు. ఆ శరీరాన్ని ఇచ్చినది వాల్‌ఫూర్వా, ఆల్పీని, గస్తీ పందేలు. వీటిని తీసేసి శిఖరాన్ని మాత్రమే రాస్తే మీ వ్యాసం, ఆ ఒక్క రాత్రిని మాత్రమే రాస్తే మీ పాఠకుడి ఉత్తరం తయారవుతాయి.

కనుక నా విన్నపం ఇది. ఆ వ్యాసంతో పాటు వేసిన పట్టికలో, “కె2 – 1954 – కొంపాన్యోని, లాచెదెల్లి” అన్న వరుస కింద ఇంకో వరుస చేర్చండి. ముందురోజు ఆక్సిజన్ మోసి, 8,100 మీటర్ల దగ్గర రాత్రి గడిపి, ఆ విజయాన్ని సాధ్యం చేసినవారు వాల్తెర్ బొనాత్తి, హున్జాకు చెందిన అమీర్ మెహ్దీ అని వేయండి. మెహ్దీ పాకిస్తాన్ ఏలుబడిలో ఉన్న లోయవాడు కదా అని ఎవరైనా అంటే, సియాచిన్‌లో మన సైనికుల కోసం డబ్బాలు మోసే నుబ్రా లోయ కూలీలనూ, హున్జా కూలీలనూ విడదీసేది కొన్ని కొండల వరుసలేనని, కాళ్లు పోయే తీరు రెండు వైపులా ఒకటేనని చెప్పండి. ఆ పట్టికను పిల్లలు కత్తిరించి పుస్తకాల్లో అంటించుకుంటారు. మా మనవరాలు అంటించుకుంది. దాని మీద ఆ రెండో వరుసను నేను పెన్సిల్‌తో రాసి ఇచ్చాను, మీరు అచ్చులో వేస్తే చెరిపి దాన్ని అంటిస్తాము.

ఇట్లు,
విశ్రాంత సుబేదార్,
శ్రీకాకుళం జిల్లా